దిక్కులేని సాఫ్టువేరుకి దేవుడే దిక్కా?

ఏ పెద్ద కంపెనీ సెక్యూరిటీ పాలసీ తీసి చూసినా ఈ అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండి తీరుతుంది: "సపోర్టు లేని సాఫ్టువేరుని కంపెనీ యంత్రాల మీద ఇన్‌స్టాల్ చేయరాదు." చదవడానికి ఎంత నిక్షేపంగా ఉందో! అదే కంపెనీలో అదే రోజు పొద్దున్న ఓ కుర్రాడు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొట్టి, ఏ ఐదారొందల ప్యాకేజీలో దించేసుకుని, అవి దిగేలోపు టీ తాగి వచ్చి ఉంటాడు. వాటిలో ఎన్నింటికి సపోర్టు ఉందని ఆ కుర్రాణ్ణి అడగండి. పాలసీ రాసిన పెద్దమనిషిని కూడా అడగండి. ఇద్దరూ మీ వంక ఒకేలా చూస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సపోర్టు లేని సాఫ్టువేరు వాడటంలో తప్పేమీ లేదు. మనందరి జీతాలూ దాని మీదే నడుస్తున్నాయి. దానికి సపోర్టు లేదన్న సంగతిని మరుగుపరచడమే తప్పు. ఈ విషయంలో 1980లు, 90ల్లో యూనిక్స్ వర్క్‌స్టేషన్ల మీద పనిచేసినవాళ్ళు మనకన్నా చాలా నిజాయితీగా ఉండేవాళ్ళని నా నమ్మకం. వాళ్ళ కష్టాలు మనకొద్దు గానీ, వాళ్ళ అలవాట్లు రెండు మూడు మాత్రం తిరిగి తెచ్చుకోవాలి.

ముందు ఆ నిజాయితీ ఎక్కడ కనిపించేదో చూద్దాం. డైరెక్టరీ పేర్లలో! హెచ్‌పీ యూనిక్స్‌లో /యూఎస్ఆర్/కాంట్రిబ్ అని ఒకటుండేది. సిలికాన్ గ్రాఫిక్స్ మిషన్లలో /యూఎస్ఆర్/ఫ్రీవేర్. ఐబీఎం ఏఐఎక్స్‌లో /ఆప్ట్/ఫ్రీవేర్. సన్ వాళ్ళు సోలారిస్ 8తో పాటు ఇచ్చిన అదనపు సీడీలోని ఉచిత సాఫ్టువేరంతా /ఆప్ట్/ఎస్ఎఫ్‌డబ్ల్యూ లోకి వెళ్ళేది. విశ్వవిద్యాలయాల్లోనైతే /యూఎస్ఆర్/లోకల్ ఉండనే ఉంది, కొన్నిచోట్ల డైరెక్టరీ పేరులోనే 'అన్‌సపోర్టెడ్' అని పెట్టేవాళ్ళు. కావాలనుకున్నవాడు తన పాత్‌లో ఆ డైరెక్టరీని చేర్చుకోవాలి. చేర్చుకున్నాడంటే బోర్డు చదివి గుమ్మం దాటాడన్నమాట. అటుపక్క ఏదైనా పగిలితే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ గారిని తిట్టడానికి వీల్లేదు.

ఇప్పుడు ఆ గుమ్మం ఏది? ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చినదీ, ఎక్కడో ఒక కాలేజీ కుర్రాడు సెలవుల్లో రాసి పెట్టినదీ ఒకే కమాండుతో, ఒకే ప్రోగ్రెస్ బారుతో దిగుతాయి. చూడటానికి తేడా ఏమీ ఉండదు.

వెతుక్కోవడమే పెద్ద పని

ఆ రోజుల్లో సాఫ్టువేరు దొరకడమే గగనం. యూజ్‌నెట్‌లో కాంప్.సోర్సెస్.యూనిక్స్ అనే గ్రూపు ఉండేది. ఒక మోడరేటరు చూసి, సంపుటం నంబరు, సంచిక నంబరు వేసి మరీ సోర్సు కోడు పోస్టు చేసేవాడు. పెద్ద ప్రోగ్రామైతే ముక్కలు ముక్కలుగా వచ్చేది, ఒక్క ముక్క రాకపోయినా పని ఆగిపోయేది. 1990లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్చీ వచ్చాక, ఫలానా ఫైలు ఏ ఎఫ్‌టీపీ సర్వరులో ఉందో వెతికే వీలు కలిగింది. అయితే ఆర్చీ ప్రధానంగా వెతికేది ఫైలు పేర్లని. "నాకు బొమ్మలు చూపించే ప్రోగ్రాం కావాలి" అంటే దానికి అర్థం కాదు. పేరు తెలియాలంటే అది వాడుతున్న మనిషి ఎవరో ఒకరు మీకు తెలిసి ఉండాలి. ఆ మనిషి దగ్గరే దాని గుణగణాలూ తెలిసేవి - "సన్ మీద బానే కంపైలవుతుంది, హెచ్‌పీ మీద ఏడిపిస్తుంది" లాంటివి.

మన దేశంలో సంగతి ఇంకో రకం. ఎర్నెట్ ఉన్న ఐఐటీలూ, పరిశోధన సంస్థలూ తప్పిస్తే 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టేదాకా మామూలు మనిషికి ఇంటర్నెట్టే లేదు. వచ్చాక కూడా ఎవరో అమెరికా నుంచి తెచ్చిన సీడీ, లేదా పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లైనక్స్ సీడీ, ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేవి. దొరికిన టార్ ఫైలుని భద్రంగా దాచుకునేవాళ్ళు, ఎందుకంటే మళ్ళీ దొరుకుతుందన్న భరోసా లేదు. ఈ దాచుకునే గుణం ఉందే, అది మనం పోగొట్టుకున్న మొదటి మంచి అలవాటు. దాని గురించి కింద మళ్ళీ చెబుతాను.

అలాగని పాతకాలం వాళ్ళంతా మహా జాగ్రత్తపరులని నేననను. యూజ్‌నెట్‌లో కోడు వచ్చేది షార్ రూపంలో. షార్ ఫైలంటే ఏంటి? అదే ఒక షెల్ స్క్రిప్టు. ముక్కూమొహం తెలియనివాడు పంపిన స్క్రిప్టుని నడిపిస్తే గానీ లోపలున్న కోడు బయటికి రాదు! ఇవ్వాళ కర్ల్ పెట్టి దించిన స్క్రిప్టుని నేరుగా షెల్‌కి పైపు చేసేవాళ్ళని చూసి పెద్దలు గుండెలు బాదుకుంటారు గానీ, ఆ వంశవృక్షం ఇక్కడే మొదలైంది :-)

కంపైలర్ లేని యూనిక్స్

ఇంకో విచిత్రం. 1992లో సోలారిస్ 2 వచ్చినప్పుడు సన్ వాళ్ళు సీ కంపైలర్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి విడదీసి వేరే ధర పెట్టారు. సీసీ అని కొడితే, "ఈ భాషా ప్యాకేజీ ఐచ్ఛికం, ఇన్‌స్టాల్ చేసి లేదు" అనే అర్థంలో ఒక మెసేజి వచ్చేది. సరే, ఉచితంగా దొరికే జీసీసీ వేసుకుందామా అంటే, దాన్ని కంపైల్ చేయడానికి కంపైలర్ కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు! కాబట్టి ఎవరో కట్టి పెట్టిన జీసీసీ బైనరీని దించుకోవడం, దాంతో మిగిలినవన్నీ కట్టుకోవడం. అంటే మొత్తం మేడ పునాది ఒక అపరిచితుడి బైనరీ. కంపైలర్‌లోనే దొంగని దాస్తే సోర్సు చదివి ప్రయోజనం లేదని కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో 1984లోనే చెప్పాడు. విన్నవాళ్ళు తలూపారు, బైనరీ మాత్రం దించుకున్నారు. వేరే దారి లేదు మరి.

కంపైల్ చేయడం కూడా ఒక చదువే. మొదట రీడ్‌మీ చదవాలి. మేక్‌ఫైల్ తెరిచి మీ మిషనుకి తగ్గట్టు లైన్లు మార్చాలి. ప్యాచ్ (1985), పెర్ల్ (1987) రాసిన లారీ వాల్ తన ప్రోగ్రాములతో పాటు కాన్ఫిగర్ అనే స్క్రిప్టు ఇచ్చేవాడు. అది మీ సిస్టమ్‌ని తడిమి చూసి, బోలెడు ప్రశ్నలడిగి, మధ్యమధ్యలో జోకులేసి, చివరికి మేక్‌ఫైల్ తయారు చేసేది. 1991లో గ్నూ ఆటోకాన్ఫ్ వచ్చాక ఆ ప్రశ్నలు కూడా పోయాయి. డాట్ స్లాష్ కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మూడు మంత్రాలు. సుఖమే, కాదనను. కానీ ఆ ప్రశ్నలకి జవాబులు చెప్పే క్రమంలో ఈ ప్రోగ్రాం ఏ ఫైళ్ళు ముట్టుకుంటుందో, ఏ లైబ్రరీలు అడుగుతుందో, రాసినవాడి ఈమెయిలు ఏంటో మనకి తెలిసొచ్చేది. మంత్రాలొచ్చాక అర్థం తెలుసుకోకుండానే పూజ అయిపోతోంది.

పబ్లిక్ డొమైన్ అంటే ఏంటసలు?

ఇక్కడ ఒక గందరగోళం విడదీయాలి. ఆ రోజుల్లో నెట్‌లో ఊరికే దొరికిన ప్రతిదాన్నీ "పబ్లిక్ డొమైన్" అనేసేవాళ్ళు. నిజానికి అందులో చాలా వాటికి కాపీరైట్ ఉంది. అమెరికాలో 1989 మార్చి 1కి ముందు కాపీరైట్ నోటీసు లేకుండా ప్రచురిస్తే హక్కు పోయే ప్రమాదం ఉండేది. ఆ తేదీ తరవాత నోటీసు ఉన్నా లేకపోయినా రాసిన క్షణం నుంచీ హక్కు రాసినవాడిదే. మన దేశంలోనూ అంతే. మన 1957 కాపీరైట్ చట్టంలో 21వ సెక్షను ప్రకారం రచయిత తన హక్కు వదులుకోవాలంటే కాపీరైట్ రిజిస్ట్రారుకి నోటీసివ్వాలి. 2012 సవరణ తరవాత బహిరంగ ప్రకటన ద్వారా కూడా వదులుకోవచ్చు. అంటే హక్కు దానంతటది పోదు, నోరు తెరిచి "వదిలేస్తున్నాను" అనాలి.

ఇది మనవాళ్ళకి ఎందుకు పట్టాలి? గిట్‌హబ్‌లో లైసెన్సు ఫైలు లేని రిపో కనిపిస్తే "ఓపెన్‌గానే ఉందిగా" అని కోడు ఎత్తుకొచ్చి క్లయింటు ప్రాజెక్టులో అతికించేవాళ్ళు ఇప్పటికీ కోకొల్లలు. లైసెన్సు లేదంటే అన్ని హక్కులూ రాసినవాడివే అని. తలుపు తీసి ఉన్నంత మాత్రాన ఇల్లు మనదైపోదు కదా.

రెండో గందరగోళం - పబ్లిక్ డొమైన్ అంటే దిక్కులేనిది అనుకోవడం. ఎస్‌క్యూలైట్ చూడండి. 2000లో డి. రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఆ డేటాబేసు పూర్తిగా పబ్లిక్ డొమైన్. మీ జేబులో ఫోను ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా అందులో అది ఉంది. దాని మీద పనిచేసేవాళ్ళు తమ హక్కు వదులుకుంటున్నట్టు అఫిడవిట్ మీద సంతకం పెడతారు. 2050 దాకా సపోర్టు చేయాలన్నది తమ ఉద్దేశమని వాళ్ళు బహిరంగంగా చెప్పారు. డబ్బులు కట్టించుకునే ఎన్ని కంపెనీలు 2050 మాట ఎత్తగలవు? కాబట్టి హక్కు ఎవరిదన్నది ఒక ప్రశ్న, బాధ్యత ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ కలిపేయకూడదు.

రెండు కథలు

మొదటిది. మీ మిషన్లో టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అని ఎక్కడో ఉంటుంది చూడండి. ఆ పట్టిక అంతా పబ్లిక్ డొమైన్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసే ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980ల నుంచీ దాన్ని ఓపిగ్గా నడిపించాడు, పాల్ ఎగ్గర్ట్ తోడయ్యాడు. ప్రపంచంలోని యూనిక్సులన్నీ దాన్నే వాడుకున్నాయి. 2011 సెప్టెంబరు చివర్లో ఆస్ట్రోలాబ్ అనే జ్యోతిష్య సాఫ్టువేరు కంపెనీ, తమ అట్లాసులోని సమాచారం వాడుకున్నారని వీళ్ళిద్దరి మీదా కేసు వేసింది. అక్టోబరులో ఎఫ్‌టీపీ సర్వరు ఆగిపోయింది. ప్రపంచం గడియారాలు ఇద్దరు మనుషుల భుజాల మీద నడుస్తున్నాయని అప్పుడు గానీ చాలామందికి తెలియలేదు! కొద్ది రోజుల్లోనే ఐకాన్ ముందుకొచ్చి ఆ బాధ్యత తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో కేసు కూడా ఉపసంహరించుకున్నారు. ఈ కథ సుఖాంతం.

రెండోది అంత సుఖంగా లేదు. ఎక్స్‌జీ యుటిల్స్ అనే కంప్రెషన్ సాఫ్టువేరు. దాని ముఖ్యమైన లైబ్రరీ ఏళ్ళ తరబడి పబ్లిక్ డొమైన్‌లోనే ఉండేది. లాసీ కాలిన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామరు జీతం భత్యం లేకుండా దాన్ని చూసుకునేవాడు. తన మానసిక ఆరోగ్యం బాగోలేదనీ, ఇది జీతంలేని హాబీ అనీ 2022లో ఆయన మెయిలింగ్ లిస్టులోనే రాశాడు. అప్పటికే "త్వరగా చెయ్యి, లేదా ఇంకొకరికి అప్పగించు" అని కొన్ని పేర్ల నుంచి ఒత్తిడి. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచీ సాయం చేస్తూ చేస్తూ మెల్లగా నమ్మకం సంపాదించి, కొత్త వెర్షన్లు విడుదల చేసే స్థాయికి వచ్చారు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. సర్వర్లలోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా చొరబడటానికి!

ఎక్కడ పెట్టారో గమనించండి. అసలు సరుకు పరీక్ష ఫైళ్ళలో దాచారు. దాన్ని బయటికి లాగే స్క్రిప్టు ముక్క గిట్ రిపోలో లేదు, విడుదల చేసిన టార్ ఫైలులో మాత్రమే ఉంది. కాన్ఫిగర్ నడిపినప్పుడు మేల్కొంటుంది. మన మూడు మంత్రాల్లో మొదటిదే ద్వారం. ఎవరు పట్టుకున్నారు? ఏ ఆడిట్ టీమూ కాదు, ఏ స్కానరూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపరు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వాడు. 2024 మార్చి 29న బయటపెట్టాడు. అర సెకనుని పట్టించుకునే చాదస్తం ఆయనకి లేకపోతే మన పరిస్థితి ఏంటో!

ఇది కొత్త విద్య కూడా కాదు. 2002లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 3.4పీ1 టార్ ఫైలునే సర్వరులో ఎవరో మార్చేశారు. కంపైల్ చేస్తున్నప్పుడు నడిచే దొంగ కోడు అది. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో రాసిపెట్టుకున్న చెక్‌సమ్‌తో సరిపోలకపోవడంతో ఆగస్టు 1న దొరికిపోయింది. ఒక్క లైను అంకె, ఎవరో ముందే రాసిపెట్టుకున్నారు. అంతే.

"టైమెక్కడుంది గురూ?"

ఈ మాట నాతో చాలామంది అన్నారు. "మనం వాడే ప్రతి ప్యాకేజీ సోర్సూ చదువుతూ కూర్చుంటే రిలీజెప్పుడు చేస్తాం? డెబియన్, రెడ్‌హ్యాట్ వాళ్ళు చూసుకుంటారు కదా?" న్యాయమైన ప్రశ్నే. ప్రతి లైనూ చదవమని నేనూ అనను, నేనూ చదవను. డెబియన్ ప్యాకేజీ వెనక ఒక మనిషి పేరుంటుంది, తప్పు దొరికితే నివేదించే చోటుంటుంది. అది సపోర్టే, గౌరవించాల్సిన సపోర్టు. నా గొడవల్లా దాన్ని దాటి బయట నుంచి తెచ్చుకున్న వాటి గురించి. అక్కడ మనకీ, రాసినవాడికీ మధ్య ఎవరూ లేరు. తెచ్చినవాడే దాని సపోర్టు ఇంజనీరు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో నేను చూశాను. 2000ల మధ్యలో ఒక క్లయింటు దగ్గర పాత సోలారిస్ మిషన్ల మీద నడిచేవాటిని లైనక్స్‌కి మార్చే పని. /యూఎస్ఆర్/లోకల్ నిండా నలభై దాకా ప్రోగ్రాములు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఒక్క ముక్క రాసిలేదు. అందులో ఒకటి రోజూ రాత్రి క్రాన్‌లో నడిచి రిపోర్టులు తయారుచేసే బుల్లి ప్రోగ్రాం. నెట్‌లో దాని సోర్సు దొరికింది, కంపైల్ చేశాం, అంకెలు తేడా వచ్చాయి. అంటే ఎవరో మహానుభావుడు సోర్సులో ఏదో మార్చి కట్టాడు. ఆ మార్చిన సోర్సు లేదు, మిగిలింది స్పార్క్ బైనరీ ఒక్కటే. పాత రిపోర్టులూ కొత్త రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని ఆ మార్పేంటో కనిపెట్టడానికి ముగ్గురికి మూడు వారాలు పట్టింది. ఆ మనిషి నాలుగు లైన్లు రాసిపెట్టి ఉంటే అరపూట పని. వెళ్ళిపోయిన మనిషిని తిట్టుకుని లాభం లేదనుకోండి. పైవాళ్ళెవరూ ఆయన్ని అడగలేదు, అడిగే పద్ధతీ అక్కడ లేదు.

మన తెలుగు సంగతే తీసుకోండి. 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేశారు. మామూలు రోమన్ అక్షరాల్లో రాస్తే తెలుగులోకి మార్చుకునే ఏర్పాటు. సపోర్టు ఒప్పందాలేమీ లేవు. కానీ ఏ అక్షరానికి ఏ అక్షరమో బహిరంగంగా రాసి ఉంది. అందుకే అప్పుడు రాసుకున్నది ఇప్పటికీ చదవగలం, లేఖిని వాడినవాళ్ళ వేళ్ళకి ఆ బాణీ ఇప్పటికీ వచ్చు. అదే కాలంలో ఒక్కో పత్రికా ఒక్కో సొంత ఫాంటు, సొంత ఎన్‌కోడింగుతో వెబ్‌లోకి వచ్చింది. ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చి గీతలే. పద్మ లాంటి పొడిగింతలు రాసినవాళ్ళు వాటిని ఒక్కొక్కటే విప్పి యూనికోడ్‌లోకి మార్చాల్సి వచ్చింది. డబ్బు పెట్టి చేయించుకున్నవి మూగబోయాయి, విద్యార్థులు రాసి పంచినది బతికింది. తేడా అల్లా ఆ కాగితం ముక్కలో ఉంది.

మరేం చేయాలి?

నేను పాటించేవి రాస్తున్నాను. ఇందులో గొప్ప విద్యేమీ లేదు.

1. బయట నుంచి తెచ్చినవాటికి వేరే చోటు పెట్టండి. --ప్రిఫిక్స్ ఇచ్చి ఒక్కో ప్రోగ్రాంనీ దాని సొంత డైరెక్టరీలో వేసి, గ్నూ స్టో లాంటి దాంతో లింకులు పెట్టుకోండి. తీసేయాలంటే ముందు ఆ లింకులు తీసేసి, డైరెక్టరీ చెరిపేస్తే చాలు. కంటెయినర్లలో పనిచేసేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, డిస్ట్రో నుంచి వచ్చినది ఒక పొర, మనం తెచ్చినది ఇంకో పొర.

2. కాన్ఫిగర్, మేక్ రూట్‌గా నడపకండి. ఇన్‌స్టాల్ చేసేముందు మేక్ -ఎన్ ఇన్‌స్టాల్ అని కొట్టి ఏ ఫైలు ఎక్కడికి వెళ్తుందో చూడండి. ఇది కాపలా కాదు, చూపు మాత్రమే. అయినా పనికొస్తుంది.

3. తెచ్చిన టార్ ఫైలుని, దాని చెక్‌సమ్‌తో సహా దాచుకోండి. రేపు ఆ సైటు ఉండకపోవచ్చు, ఉన్నా అదే ఫైలు ఉండకపోవచ్చు.

4. పక్కన ఒక చిన్న ఫైలు. ఎక్కడి నుంచి తెచ్చాను, ఎప్పుడు, ఎందుకు, ఏ ఆప్షన్లతో కట్టాను, ఏం మార్చాను, లైసెన్సేంటి, నేను లేకపోతే ఎవరిని అడగాలి. పది లైన్లు దాటక్కర్లేదు. సోర్సు మారిస్తే ఆ ప్యాచ్ కూడా అక్కడే.

5. రాసినవాడికి ఒక ఉత్తరం. బగ్ దొరికితే ప్యాచ్‌తో సహా. బగ్ దొరక్కపోయినా "మీది వాడుతున్నాం, థాంక్స్" అని. ఎక్స్‌జీ కథలో ఆ ఒంటరి మనిషికి అందిన ఉత్తరాల్లో నిష్టూరాలే ఎక్కువ. మన కంపెనీలు తలుచుకుంటే ఉత్తరంతో పాటు నాలుగు రూపాయలు కూడా పంపగలవు, తలుచుకోవడం లేదంతే.

మేనేజర్లకి ఒక మాట. "సపోర్టు లేనిది వాడరాదు" అన్న వాక్యం కొట్టేయండి, దాన్ని ఎవరూ పాటించడం లేదు, పాటించలేరు కూడా. దాని బదులు "సపోర్టు లేనిది వాడితే, వాడినవారి పేరు రాయవలెను" అని పెట్టండి. ఆ పేరున్న మనిషికి వారానికి రెండు గంటలు ఆ పని మీద ఇవ్వండి. టైమ్‌షీటులో ఆ రెండు గంటలకి ఒక కోడు కూడా పెట్టండి, లేకపోతే అది శనివారం రాత్రి ఇంట్లో చేసే పనైపోతుంది, ఆ పైన ఎవరూ చేయరు.